వైరు తగిలించని గిటారు

ఫ్రిజ్జు ఎక్కడ పెట్టాలన్న గొడవ పొద్దున ఇడ్లీల దగ్గర మొదలై, మధ్యాహ్నం అన్నాలు తిని కంచాలు కడుక్కున్నా తెగలేదు. ఉన్నవి రెండు గదులు, ఒక వంటిల్లు. వంటింట్లో మనిషి పక్కకి తిరిగితే గోడ తగులుతుంది. కాబట్టి ముందు గదిలోనే పెట్టాలి. ముందు గదిలో ప్లగ్గు ఉన్న ఒకే ఒక్క మూలలో రెబెకా గిటారుకి తగిలించుకునే స్పీకరు పెట్టె ఉంది. నల్ల రెగ్జిను తొడిగిన ఆ పెట్టె మీద అత్త తిరుమలమ్మ మాత్రల డబ్బా, వక్కాకు సంచీ, కళ్ళజోడు ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్నాయి.

"నెల జీతం వస్తాదని నువ్వే కదమ్మా ఫ్రిజ్జుకి సరేనన్నావు. ఇప్పుడు పెట్టె తియ్యనంటే ఎట్లా? మంచం కిందకి తోసెయ్," అంది ఎస్తేరు. లాడ్జీ రిసెప్షన్లో కూర్చునే కూతురు. వారానికి దొరికే ఒక్క సెలవునాడే ఇల్లంతా సర్దెయ్యాలని చూస్తుంది.

"మంచం కింద చెద పడతాది," అంది రెబెకా.

"నా మాత్రలు యాడ పెట్టుకునేది?" అంది తిరుమలమ్మ.

"ఫ్రిజ్జు మీద పెట్టుకో అవ్వా."

"అంత ఎత్తు నాకు అందుతాదా మే? దానికంటే నన్నే లోపల పెట్టి తలుపెయ్. చెడిపోకుండా ఉంటాను."

రెబెకా భర్త శాంతయ్య పేపరు వెనక నవ్వాడు. ఆస్పత్రి స్టోర్లో పనిచేసి ఆ ఏడే రిటైరైనాడు. ఇంట్లో ఏ గొడవొచ్చినా పేపరు అడ్డం పెట్టుకోవడం అప్పటినుంచే నేర్చుకున్నాడు. ఎస్తేరు ఆ పేపరు పక్కకి లాగింది. "నిన్న టీవీలో చూస్తివి కదా నాయనా, ఆ తెల్లోళ్ళని. అరవై దాటినారు, మొగమంతా ముడతలు, జుట్టు మాత్రం భుజాలదాకా. గిటార్లు ఎత్తుకుని ఎగురుతా ఉండారు. కోట్లు ఉండాయంట. ఇంకా ఎందుకు వాళ్ళకి?"

"డబ్బుకే. ఉండేవాళ్ళకే ఇంకా కావాల," అన్నాడు శాంతయ్య.

"ఉండేవాళ్ళకి డబ్బెందుకు? పాటంటే ఇష్టమై ఉంటాది."

"ఇష్టమైతే ఇంట్లో కూర్చోని వాయించుకోవచ్చు కదా, టికెట్టు పెట్టేదెందుకు? ఆ సంగతి మనకేం తెలుసు. మీ అమ్మనడుగు. అదే కదా ఆమె పని."

ముగ్గురూ రెబెకా వైపు తిరిగారు. ఆమె నోరు తెరిచేలోపల కరెంటు పోయింది. ఫ్యాను రెండు చుట్లు బద్ధకంగా తిరిగి ఆగింది. ఆ ఏడు వానల్లేవు, మధ్యాహ్నం కోత తప్పదు. ఈ ఉడుకులో మాటలు కూడా ఎందుకన్నట్టు తిరుమలమ్మ విసనకర్ర తీసుకుని వరండాలోకి పోయింది, ఆమె వెనక తండ్రీ కూతుళ్ళూ. రెబెకా పెట్టె పక్కన గచ్చు మీద వెల్లకిలా పడుకుంది. మాపటికి చిత్తూరులో పెళ్ళి రిసెప్షను. కరెంటు వచ్చాక కాసేపటికి మునికుమార్ వ్యాను వస్తుంది. ఆర్కెస్ట్రా అతనిది. ఇన్నాళ్ళూ ప్రోగ్రాం ఉంటే డబ్బు, లేకుంటే లేదు. ఇప్పుడు నెల జీతం ఇస్తానన్నాడు. వ్యాను ఎక్కేటప్పటికి ఔననో కాదనో చెప్పమన్నాడు. ఇంట్లో అందరూ ఔననే అనుకున్నారు, అందుకే ఫ్రిజ్జు.

మీ అమ్మనడుగు. అడిగితే ఏం చెప్తుంది? డబ్బుకే అని చెప్పాలి, అది అబద్ధం కాదు. గచ్చు చల్లగా వీపుకి తగులుతుంటే రెబెకా లెక్క చూసుకోలేదు గానీ ఈ ఇంట్లో ఏది ఏ పెళ్ళిదో ఆమెకు తెలుసు. ఆ కిటికీ రెక్కలు పాకాలలో రైస్‌మిల్లు వాళ్ళ పెళ్ళి, అత్త కంటి ఆపరేషను పలమనేరులో ఎవరిదో షష్టిపూర్తి, ఎస్తేరు కాలేజీ ఫీజు పుంగనూరు దగ్గర తిరునాళ్ళు, తెల్లారేదాకా వాయిస్తే చేతివేళ్ళు బీటలు వారి సాంబారన్నం కలుపుకుంటే భగ్గుమన్నాయి. శాంతయ్య జీతంతో అన్నం, రెబెకా వేళ్ళతో మిగతావన్నీ. డబ్బు కోసం కాదని ఎవరైనా అంటే ఈ గోడలే నవ్వుతాయి. మరి డబ్బుకేనా అంటే, గంగజాతరలో వానొచ్చి పందిరి కూలి, చందా వసూలు చేసినవాళ్ళు కనబడకుండా పోయిన ఏడు గుర్తొస్తుంది. పైసా ఇవ్వలేదు. డ్రమ్ములు వాయించే గోవిందు అవి తడవకుండా తన చొక్కా విప్పి కప్పాడు, మునికుమార్ కీబోర్డుని పసిబిడ్డలాగా టవల్లో చుట్టి గుండెకి ఆనించుకున్నాడు, పాటలు పాడే చంద్రకాంతక్క చెప్పులు చేతబట్టుకుని నీళ్ళలో నడుస్తూ ఆగిపోయిన పాట అక్కణ్ణుంచే ఎత్తుకుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వరు, అయినా నలుగురూ లీలామహల్ టాకీసు దాకా పాడుకుంటూ నడిచారు. ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ నవ్వుతుంటే అత్త, ఏం కోడలా, రెండింతలు ఇచ్చినారా అని అడిగింది. ఔనత్తా అంది. ఎందుకట్లా అన్నదో ఇప్పటికీ తెలీదు.

రెబెకా చిన్నప్పుడు రేణిగుంటలో నాయన రైల్వేలో పాయింట్లు మార్చే పని చేసేవాడు. పక్క క్వార్టర్సులో ఆంగ్లో ఇండియన్ గార్డు ఉండేవాడు, ఒంటరి మనిషి, డ్యూటీ నుంచి వస్తే రేడియో గట్టిగా పెట్టి దాంతోపాటు గిటారు వాయించేవాడు. ఆ ఇంగ్లీషు పాటల్లో మాటలు ఎవరికీ అర్థమయ్యేవి కావు, కాలనీలో ఆడవాళ్ళు రైళ్ళు చాలవన్నట్టు ఇదొకటి అని తిట్టుకునేవాళ్ళు. రెబెకాకి మాత్రం ఆ మోత కడుపులోకి దిగేది. గొళ్ళెం వెయ్యని తలుపు దగ్గర నిలబడి చూస్తుంటే ఒకరోజు లోపలికి రమ్మని గిటారు ఒళ్ళో పెట్టాడు. వేళ్ళు అందలేదు. ఇనప తీగలకి వేళ్ళ కొసలు బొబ్బలెక్కి చితికితే అమ్మ కొబ్బరినూనె రాస్తూ, ఈ చేతులతో రేపు పిండి ఎట్లా రుబ్బుతావే అని కసిరింది. బొబ్బలు ఎండి కాయలు కాచాయి. ఆ కాయలు ఇప్పటికీ ఉన్నాయి. బొటనవేలితో మిగతా వేళ్ళ కొసలు ఒత్తి చూసుకుంది, గట్టిగా, చెప్పు అట్టలాగా. వాయించడం మానేస్తే కొన్నాళ్ళకి ఇవి ఊడిపోయి మెత్తటి చర్మం వస్తుందట. గార్డు చెప్పాడు. రిటైరై బెంగుళూరు పోతూ గిటారు నాయనకి అమ్మాడు. నాయన ఊరికే తీసుకోలేదు, గార్డు ఊరికే ఇవ్వనూలేదు. చర్చిలో కీర్తనలకి వాయించమన్నారు. వాయించింది. కానీ చేతికి ఆ మోత కావాలి. కీర్తన మధ్యలో చెయ్యి జారి గార్డు ఇంట్లోలాగా ఒక దెబ్బ పడితే పాస్టరుగారు కళ్ళు తెరిచి చూసేవారు.

మునికుమార్ కూడా ఆ చర్చి బయటే దొరికాడు. అప్పుడతను సన్నగా, మూరెడు కాలరుతో, రోడ్డు మీద నిలబడి విని, అక్కా, మా ఆర్కెస్ట్రాకి గిటారు మనిషి కావాల, వస్తావా అన్నాడు. ఆడమనిషి గిటారు పట్టి స్టేజీ ఎక్కితే మొదట్లో జనం పాట వినకుండా చూడ్డానికే ఎగబడేవాళ్ళు. కొన్నాళ్ళకి వినడం మొదలుపెట్టారు. రిహార్సల్సు గోవిందు వాళ్ళ సైకిల్ షాపు వెనక షెడ్డులో. కొత్త సినిమా క్యాసెట్టు రాగానే పాటలో వాద్యాలు మాత్రం వాయించే బిట్టు వినడం, వెనక్కి తిప్పడం, మళ్ళీ వినడం, టేపు అరిగి గరగరలాడేదాకా. తమిళం పాటైనా తెలుగు పాటైనా, చిత్తూరు జిల్లాలో రెండూ కావాలి, రెండూ క్యాసెట్టులో ఉన్నట్టే ఉండాలి. ప్రోగ్రాం అయ్యాక ఎవరో ఒకరు వచ్చి, అచ్చం క్యాసెట్టు పెట్టినట్టే ఉండాదప్పా అంటే ఆ రోజుకి అంతకు మించిన మెప్పు లేదు. ఏళ్ళ తరబడి ఆ ఒక్క మాట కోసం ఒళ్ళు హూనం చేసుకున్నారు. చివరికి సీడీయే వచ్చింది. గొంతు తీసేసి సంగీతం మాత్రం మిగిల్చిన సీడీ. ట్రాక్ అంటారు. దాని కంటే అచ్చంగా ఎవరు వాయిస్తారు? మునికుమార్‌ని తప్పు పట్టలేదు. పెళ్ళివాళ్ళే అడుగుతున్నారు, ట్రాక్ మీద పాడతారా, మీ పాత పద్ధతేనా అని. పాత పద్ధతంటే బేరం తెగదు. మనుషులు మాత్రం స్టేజీ మీద కనబడాలి, ఖాళీగా ఉంటే బాగుండదు. అక్కా, గిటారు మెడకేసుకుని నిలబడు, చేతులాడిస్తా ఉండు, డబ్బు ఎప్పటిలాగే అన్నాడు. గోవిందు డ్రమ్ములు షెడ్డులో గోనెపట్టా కింద పోయాయి, అతని చేతికి గలగలలాడే గిలక్కాయ ఒకటి ఇచ్చారు. గోవిందు దాన్ని ఊపుతూ నవ్వాడు, అక్కా, నా మనవడికి కూడా ఇట్లాంటిదే ఉండాది అన్నాడు. ఆ నవ్వు చూసి తను కూడా నవ్వింది. మోచెయ్యి నొప్పి తగ్గిందని సంతోషపడింది కూడా. వైరు చుట్టి సంచీలో పెట్టేసింది.

ఈ మాట ఇంట్లో చెప్పలేదు. అడిగితే చెప్పేదేమో. కానీ ప్రోగ్రాం ఎట్లా జరిగింది అని అడుగుతారు గానీ, ఈ రోజు నీ గిటారుకి వైరు తగిలించినావా అని ఎవరడుగుతారు?

వరండాలో శాంతయ్య గురక మొదలైంది. ఈగ ఒకటి స్పీకరు పెట్టె మీద మాత్రల డబ్బా చుట్టూ తిరుగుతోంది, తిరిగి తిరిగి మొదటి చోటికే వస్తోంది. రౌండు. తమకి రౌండు అంటే వేరే. పల్లవి ముందు వచ్చే బిట్టు ఒకటి ఉంటుంది, అది అయిపోగానే పాడే మనిషి ఎత్తుకోవాలి. ఎత్తుకోకపోతే ఆగకూడదు, ఆ బిట్టునే మళ్ళీ తిప్పాలి. పాడే మనిషికి దగ్గొచ్చి ఉండొచ్చు, మైకు తీగ చీరకి చుట్టుకుని ఉండొచ్చు, కాగితం మీద అక్షరం కనబడక ఉండొచ్చు. మునికుమార్ గడ్డం కొంచెం పైకెత్తేవాడు, గోవిందు అది చూసి పుల్ల ఒకటి గాల్లో తిప్పేవాడు, అందరూ కలిసి ఇంకో రౌండు. జనానికి పాటే అట్లా ఉందనిపించేది. చంద్రగిరిలో ఒకసారి చంద్రకాంతక్క రెండో చరణం మొత్తం మర్చిపోయింది. భర్త పోయి నెల తిరక్కముందే ఒప్పుకున్న ప్రోగ్రాం అది. ఆ చరణంలో ఏం గుర్తొచ్చిందో, మైకు ముందు నిలబడి ఎటో చూస్తూ ఉండిపోయింది. తిప్పారు, మళ్ళీ తిప్పారు. రెబెకా ఆ రౌండ్లలో క్యాసెట్టులో లేనివేవో వాయించింది, గార్డు ఇంట్లో విన్నవి, ఎక్కడా విననివి. పక్కన మనిషి నిలబడి ఉంది, ఆమెకి కాసేపు తావు కావాలి, అంతే. అక్క తలతిప్పి రెబెకా వైపు చూసి, ఊపిరి పీల్చి, ఎత్తుకుంది. ఎంత బాగా ఎత్తుకుందంటే ముందు వరసలో ముసలాయన కండువా కళ్ళకి ఒత్తుకున్నాడు. ఆ రోజు డబ్బులు ఎంతిచ్చారో రెబెకాకి గుర్తులేదు. ఆ చూపు గుర్తుంది.

పోయిన వారం శ్రీకాళహస్తిలో అదే అక్క. ఇప్పుడు ఆమెకి ఆయాసం, నోట్లో లవంగం లేకుండా పాడదు. పెళ్ళికూతురు ఎస్తేరు లాడ్జీలోనే పనిచేసే పిల్ల కాబట్టి ఎస్తేరు కూడా వచ్చి ముందు కుర్చీల్లో కూర్చుంది. రెండో పాటలో అక్కకి దగ్గొచ్చింది. పెద్దదేం కాదు, ఒక రౌండు తిప్పితే సర్దుకునే దగ్గు. ట్రాక్ వెళ్ళిపోయింది. దానికి గడ్డం ఎత్తి చూపేదెవరు? అక్క అందుకోబోయింది, అప్పటికే పాట ముందుకి పోయింది, ఇంకో చోట అందుకోబోయింది, అక్కడా లేదు. బస్సు వెనక పరుగెత్తే మనిషిలాగా, చెయ్యి చాపి, నోరు తెరిచి. కుర్రాళ్ళు ఈల వేశారు. రెబెకా మెడలో గిటారు ఉంది, కాలి దగ్గర సంచీలో వైరు ఉంది, పక్కనే వైరు దూర్చడానికి మైకుసెట్టు పెట్టె ఉంది. ఆమె వేళ్ళు తీగల మీద ఆడుతూనే ఉన్నాయి, చప్పుడు లేకుండా, చిరునవ్వుతో, చెప్పినట్టే. అక్క తలతిప్పి రెబెకా వైపు చూసింది. అలవాటు. రెబెకా తల దించుకుని తీగల వైపు చూసింది, ఏదో కష్టమైన బిట్టు వాయిస్తున్నట్టు. పాట అయిపోయింది. స్టేజీ దిగాక ఎస్తేరు వచ్చి చెయ్యి పట్టుకుని, పాపం చంద్రకాంతమ్మత్త సరిగ్గా పాడలేకపోయింది గానీ, నువ్వు మాత్రం ఈపొద్దు బ్రహ్మాండంగా వాయించినావమ్మా అంది.

ఆ మాట వారం నుంచీ గొంతులో చేప ముల్లులాగా ఉంది. అన్నం ముద్ద మింగితే దిగలేదు, అరటిపండు మింగితే దిగలేదు.

రెబెకా లేచి కూర్చుంది. జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. గోడకి ఆనించిన గిటారు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కరెంటు లేదు, వైరు తగిలించినా పలకదు. ఎలక్ట్రిక్ గిటారు వైరు లేకుండా మీటితే వచ్చే చప్పుడు ఎంత, డబ్బాలో కందిపప్పు కదిలినంత. చెవి దగ్గరికి వంచుకుంటే తప్ప వినబడదు. వంచుకుని ఆ కాళహస్తి పాటే మొదలుపెట్టింది. పల్లవి ముందు బిట్టు అయింది. ఇక్కడ అక్క రావాలి. రాలేదు, ఎట్లా వస్తుంది, ఆమె వాళ్ళింట్లో చీర ఇస్త్రీ చేసుకుంటూ ఉంటుంది. రెబెకా చెయ్యి మాత్రం ముందుకి పోలేదు. ఇంకో రౌండు తిప్పింది. అది అయ్యాక మళ్ళీ తిప్పింది. చెయ్యి దానంతట అదే ఎదురుచూస్తోంది, బజారుకి పోయిన మనిషి కోసం తలుపు దగ్గరగా వేసి ఉంచినట్టు. గడ్డం చెమటతో గిటారు అంచుకి జారింది. ఎన్నేళ్ళుగానో వాయిస్తూ ఈ సంగతి తనకే తెలీలేదు. పాట బాగా రావడం ఒకటి, డబ్బు రావడం ఒకటి, ఆ రెండింటికీ మధ్యన ఈ ఆగడం ఉంది. ఒక మనిషి తడబడితే ఇంకొకరు ఆగుతారు, తను తడబడితే వాళ్ళు ఆగుతారు. ఎస్తేరుని కడుపులో మోస్తున్న నెలల్లో గిటారు పొట్టకి అడ్డమై వేళ్ళు వెనకబడితే గోవిందు తాళం నెమ్మది చేసేవాడు, ఒక్క మాట అనకుండా. టీవీలో ఆ ముసలి తెల్లోళ్ళు ఎందుకు ఎగురుతున్నారో తనకేం తెలుసు. కానీ వాళ్ళలో ఒకడు పక్కవాడి వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు, పక్కవాడు తలూపాడు. ఎస్తేరు ముడతలు చూసింది. రెబెకా అది చూసింది.

జీతం వస్తుంది నెలనెలా. నిలబడినందుకు. సంవత్సరం నిలబడితే వేళ్ళ మీద కాయలు మెత్తబడతాయి, అప్పుడు వైరు తగిలించినా ఆ వేళ్ళు వాయించలేవు. అదీ జీతంలోనే కలిపి కొంటున్నాడు మునికుమార్, అతనికీ తెలీకుండానే. అక్కకి జీతం లేదు. పాడలేనప్పుడు ఇంకెవరో పిల్లని తెస్తాడు, ఆ పిల్లకీ ఒకరోజు దగ్గొస్తుంది.

ఫ్యాను కిర్రుమని కదిలింది. వీధిలో ఎవరింట్లోనో టీవీ సగం మాటలో అరిచింది. రెబెకా గిటారు సంచీలో పెట్టింది, అడుగున చుట్టి ఉన్న వైరు తీసి, చిక్కులు విప్పి, పైన పెట్టింది. మొహం కడుక్కుని పట్టుచీర కట్టుకుంది. కాఫీ కలిపి నాలుగు గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని వరండాలోకి వచ్చింది. గ్లాసులు అందరికీ అందించి, తనది తీసుకుని గడప మీద కూర్చుంది.

"ఎస్తేరూ, ఆరోజు కాళహస్తిలో నేను వాయించలేదు," అంది.

ఎస్తేరు గ్లాసు పెదవి దాకా తెచ్చి ఆపింది. "వినబడిందే?"

"అది సీడీ. నా గిటారుకి వైరే లేదు. ఐదారు నెలలైంది అట్లా నిలబడి."

శాంతయ్య కూతురి వైపు చూశాడు, కూతురు అతని వైపు చూసింది. తిరుమలమ్మ కాఫీ ఊదుకుంటూ, "మరి చేతులెందుకు ఆడించినావు?" అని అడిగింది.

"డబ్బులిచ్చినారత్తా."

"ఊఁ." ముసలామె ఇంకో గుక్క తాగింది. "నిన్ను చూసి చంద్రకాంతం ఏమనుకునిందో."

"ఏమీ అనలేదు. నా పక్క చూసింది."

దూరంగా వ్యాను హారను వినబడింది, ఇంకా రెండు మలుపుల అవతల ఉంది.

"అందరూ ఉండారు కాబట్టి ఒకసారే చెప్తా ఉండా," అంది రెబెకా. గొంతు పెంచలేదు. "నెల జీతం నాకొద్దు. ఈపొద్దు చిత్తూర్లో వైరు తగిలించి వాయిస్తా. అక్క పాడే పాటలకి ట్రాక్ వెయ్యకూడదని మునికుమార్‌కి వ్యాన్లోనే చెప్తా. సరే అంటే అతని దగ్గరే ఉంటా, పాత పద్ధతే, ప్రోగ్రాం ఉంటే డబ్బు, లేకుంటే లేదు. కాదంటే మాపటికే బస్సెక్కి ఇంటికొచ్చేస్తా. రేపు గోవిందు షెడ్డుకి పోయి డ్రమ్ముల మీద గోనెపట్టా తీయిస్తా. వాడు, నేను, అక్క, ముగ్గురమే. ఎవరు పిలిస్తే వాళ్ళకి, ఎంతిస్తే అంతకి. తక్కువే వస్తాది, ఫ్రిజ్జు ఇప్పట్లో కుదరదు. ఇంట్లో ఇబ్బంది అవుతాది, నాకు తెలుసు."

శాంతయ్య ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "గోవిందుకి చెప్పినావా?"

"లేదు. ముందు మీకే."